ఒక బండ, మూడు వయసులు: ఖాజాగూడ గుట్ట మీద కాలాన్ని లెక్కపెట్టడం

ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్ట ఎక్కుతున్నాం. ఇరవై మందికి పైనే ఉన్నాం. ఒకవైపు అద్దాల మేడలు, ఇంకోవైపు ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టున్న గుండ్లు. మమ్మల్ని నడిపిస్తున్న మేడమ్ చాలా ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవారు. ఒక గది అంత ఉన్న గుండు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి ఆనించి, "దీనికి ఎన్నేళ్లు?" అని అడిగారు.

వెనకనుంచి ఒక కుర్రవాడు తడుముకోకుండా చెప్పాడు. "రెండు వందల యాభై కోట్ల ఏళ్లు మేడమ్."

"అది రాయి వయసు బాబూ. నేను అడిగింది గుండు వయసు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రాయి, గుండు వేరువేరా? వేరే. హైదరాబాద్ శిలల గురించి వచ్చే వార్తల్లోనూ, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ తప్పిపోతున్నది ఈ తేడానే. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల వివాదం రేగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి పనులు ఆపమని ఆదేశించినప్పుడు, చెట్లతోపాటు బండల ఫొటోలు కూడా ఊరంతా తిరిగాయి. వాటి కింద చాలామంది రాసిన వాక్యం ఒకటే: "ఇవి 250 కోట్ల ఏళ్లుగా ఇక్కడ నిలబడి ఉన్నాయి." ఆ వాక్యంలో అంకె నిజం. "నిలబడి ఉన్నాయి" అన్నది నిజం కాదు. ఈ చిక్కు విప్పితే ఏ కొండ గురించి, ఏ ఎడారి గురించి చదివినా అర్థం చేసుకోవడం సులువవుతుంది.

ముందు సున్నాల సంగతి

భూగర్భశాస్త్రం మిలియన్లలో, బిలియన్లలో మాట్లాడుతుంది. మనం లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాం. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మార్చేటప్పుడు సున్నా జారిపోవడం చాలాసార్లు చూశాను. పది లక్షలు ఒక మిలియన్, పది మిలియన్లు ఒక కోటి, వంద కోట్లు ఒక బిలియన్. కాబట్టి 2.5 బిలియన్, 2,500 మిలియన్, 250 కోట్లు అన్నీ ఒకటే. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అంటే మన కాళ్ల కింద రాయి గడ్డకట్టేసరికి భూమికి అప్పటికే రెండు వందల కోట్ల ఏళ్లు దాటాయి.

ఇంత కాలాన్ని భూవిజ్ఞానులు డీప్ టైమ్ అంటారు. నాకు నచ్చిన తెలుగు మాట అగాధ కాలం. బావిలోకి తొంగిచూసినప్పుడు అడుగు కనిపించక కళ్లు తిరిగినట్టు అనిపిస్తుందే, అలాంటిది. స్కాట్లండ్‌లోని సిక్కర్ పాయింట్ దగ్గర 1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ తన మిత్రులకు రాతి పొరలు చూపించినప్పుడు వారికి కలిగింది కూడా ఈ భావనే. నిట్టనిలువుగా లేచిన పాత పొరల మీద దాదాపు అడ్డంగా పరుచుకున్న కొత్త పొరలు ఉన్నాయక్కడ. పాత పొరలు పేరుకుని, రాయై, మడతపడి లేచి, అరిగిపోయి, ఆ అరిగిన తలం మీద మళ్లీ కొత్తవి పేరుకోవడానికి ఎంత కాలం కావాలి? వేల ఏళ్ల లెక్క అక్కడ చాలలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద భూమి చరిత్ర

మేడమ్ చెప్పిన ఒక పోలిక నాకు బాగా పట్టుబడింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దాన్ని భూమి వయసు అనుకుందాం. గచ్చిబౌలి దగ్గర నిలబడి, అదే ఈ క్షణం అనుకుని, కాలంలో వెనక్కి ప్రయాణం మొదలుపెడదాం. ఒక కిలోమీటరుకు సుమారు 2.87 కోట్ల ఏళ్లు. ఒక మీటరుకు 28,700 ఏళ్లు.

కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాద్‌కు పునాది వేశాడు. ఈ రోడ్డు మీద అది ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం, బొటనవేలి గోరు వెడల్పు. మనిషి జాతి వయసు మూడు లక్షల ఏళ్లు అనుకుంటే పది మీటర్లు, ఒక సిటీ బస్సు పొడవు. దక్కన్ పీఠభూమి మీద లావా ప్రవహించిన కాలం, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటిది, 2.3 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. తొలి డైనోసార్లు ఎనిమిదో కిలోమీటరు దగ్గర. గవ్వలు, పెంకులు ఉన్న జీవులు సముద్రాల్లో ఒక్కసారిగా పెరిగిన కేంబ్రియన్ కాలం ఆరంభం పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర. ఆ తర్వాత బండి చాలాసేపు పోతూనే ఉంటుంది. సగం చుట్టు దాటి నగరానికి తూర్పున, 87వ కిలోమీటరు దగ్గర ఆగితే, అక్కడ ఖాజాగూడ రాయి గడ్డకడుతూ ఉంటుంది.

అప్పటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. అది చెప్పుకోదగ్గ మోతాదులో చేరింది దాని తర్వాత, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. నేల మీద గడ్డిపోచ లేదు, సముద్రంలో చేప లేదు. ఉన్నవన్నీ కంటికి కనిపించని సూక్ష్మజీవులే. మనం ఆనుకుని కూర్చునే బండ, మనం పీల్చే గాలికంటే పాతది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మొదటి వయసు: రాయి గడ్డకట్టింది ఎప్పుడు?

గుట్ట మీద విరిగి పడిన ఒక ముక్కను చేతికిచ్చి, ఎండకు తిప్పి చూడమన్నారు మేడమ్. గులాబీ రంగులో గోరంత పలుకులు, వాటి మధ్య బూడిదరంగు గాజులా మెరిసే గింజలు, అక్కడక్కడ నల్లటి పొలుసులు. గులాబీవి ఫెల్‌స్పార్, గాజులాంటివి పలుగురాయి, నల్లవి అభ్రకంలో ఒక రకం. ఈ మూడూ ప్రధానంగా ఉన్న రాయే గ్రానైట్.

పలుకులు అంత పెద్దవిగా ఉండటమే ఒక సాక్ష్యం. చక్కెర పాకాన్ని గబగబా ఆర్చితే సన్నని పొడిలా ముద్దకడుతుంది. కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పటికబెల్లం పలుకులు కడుతుంది. రాయి కూడా అంతే. పైకి పొంగి గాలి తగిలి త్వరగా చల్లారిన లావాలో గింజలు కంటికి ఆనవు. వికారాబాద్ వైపు దొరికే నల్ల బసాల్ట్ రాయి అలాంటిది. గ్రానైట్ నేల కింద కిలోమీటర్ల లోతున, పైనున్న రాతి దుప్పటి కింద నిదానంగా చల్లారింది. ఖాజాగూడ రాయి అగ్నిపర్వతం ఎగజిమ్మిన రాయి అనుకునేవారికి జవాబు ఈ గులాబీ పలుకుల్లోనే ఉంది.

అంకెలు లేకుండా కూడా వయసుల వరస తేల్చవచ్చు. నగరం చుట్టుపక్కల గ్రానైట్‌లో కొన్నిచోట్ల ముదురు రంగు రాతి ముక్కలు ఇరుక్కుని కనిపిస్తాయి. కరిగిన గ్రానైట్ పైకి వస్తూ తనలో కలుపుకున్న పాత రాళ్లు అవి. కనుక అవి గ్రానైట్ కంటే పెద్దవి. ఇంకొన్నిచోట్ల గ్రానైట్‌ను నిలువునా చీల్చుకుంటూ నల్లటి గోడలాంటి డోలరైట్ పట్టీ పోతుంది. చీలాలంటే గ్రానైట్ అప్పటికే గట్టిపడి ఉండాలి. కనుక పట్టీ చిన్నది. కోసిన రాయి చిన్నది, కోత పడిన రాయి పెద్దది. ఈ ఒక్క సూత్రంతో ఒక మధ్యాహ్నంలో ఒక గుట్ట చరిత్రను వరుసగా చెప్పేయవచ్చు. ఎంత చిన్నది, ఎంత పెద్దది అన్నప్పుడే గడియారం కావాలి.

ఆ గడియారం జిర్కాన్ అనే ఇసుకరేణువంత స్ఫటికంలో ఉంటుంది. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం కాలక్రమంలో సీసంగా మారుతుంది. కాబట్టి లోపల ఇప్పుడు కనిపించే సీసం అంతా ఆ రాయి పుట్టిన తర్వాత తయారైనదే. అసలైన అందం ఏమిటంటే, అందులో ఒకటి కాదు, రెండు గడియారాలు ఉన్నాయి.

మొదటిది యురేనియం-238. అందులో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. రెండోది యురేనియం-235. దానికి 70 కోట్ల ఏళ్లు చాలు. వెయ్యేసి అణువులతో మొదలుపెట్టామనుకుందాం. 250 కోట్ల ఏళ్ల తర్వాత మొదటి రకంలో దాదాపు 680 మిగిలి 320 సీసమై ఉంటాయి. రెండో రకంలో వెయ్యి ఐదొందలై, రెండొందల యాభై అయి, నూట పాతికై, చివరికి 85 మాత్రమే మిగులుతాయి. ఒకటి నెమ్మది గడియారం, ఒకటి జోరు గడియారం. రెండూ ఒకే వయసు చెబితే నమ్మవచ్చు. మధ్యలో వేడెక్కి సీసం కారిపోయి ఉంటే రెండూ వేరు మాటలు చెబుతాయి. ఆ తేడానుంచి కూడా, ఎప్పుడు ఏం జరిగిందో లెక్క తీసే పద్ధతులున్నాయి. హైదరాబాద్ గ్రానైట్‌లకూ, తూర్పు ధార్వాడ్ శిలా భూభాగంలో వాటి దాయాదులకూ సుమారు 250 కోట్లు అన్న అంకె ఇలాంటి కొలతలనుంచే వచ్చింది.

"కార్బన్ పరీక్ష చేయిస్తే తెలియదా?" అని ప్రతి నడకలోనూ ఎవరో ఒకరు అడుగుతారట. తెలియదు. కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్లే పడుతుంది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా అది ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే పనికొస్తుంది. గ్రానైట్ వయసును కార్బన్‌తో కొలవాలనుకోవడం తాలూకా సరిహద్దును చెక్క స్కేలుతో కొలవడం లాంటిది.

కెల్విన్ ఎక్కడ తప్పాడు?

ఈ గడియారం దొరకకముందు గొప్ప వాదన నడిచింది. 1862లో భౌతికశాస్త్రవేత్త కెల్విన్, కరిగిన గోళం చల్లారే వేగాన్నిబట్టి భూమి వయసు 2 కోట్లనుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య ఉంటుందన్నాడు. తర్వాత దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. పొరలు పేరుకునే తీరు చూసిన భూవిజ్ఞానులకు అది ఏమాత్రం చాలలేదు. కానీ కెల్విన్ లెక్కలో గుణకారం తప్పు కాదు, మొదట అనుకున్నదే తప్పు. భూమి లోపలి పదార్థం కదలకుండా ఉంటుందని, కొత్తగా వేడి పుట్టదని ఆయన భావించాడు. లోపల పదార్థం కదులుతూ వేడిని పైకి తెస్తుంటే లెక్క మొత్తం మారిపోతుందని 1895లో ఇంజినీరు జాన్ పెర్రీ చూపించాడు. మరుసటి ఏడాదే, యురేనియం సీసంగా మారడం వెనకున్న రేడియోధార్మికత బయటపడింది. చివరికి 1956లో భూరసాయన శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆయన కొలిచిన వాటిలో ముఖ్యమైన ఉల్క ముక్క అమెరికాలోని అరిజోనా ఎడారిలో పడినది.

రెండో వయసు: లోతునుంచి వెలుగులోకి

కిలోమీటర్ల లోతున పుట్టిన రాయి ఇప్పుడు మన అరచేతి కింద ఉందంటే, దాని పైనున్నదంతా ఏదో ఒకనాడు అరిగిపోయి ఉండాలి. ఎప్పుడు?

ఇక్కడ తొందరపడితే తప్పులో కాలేస్తాం. పాత శిలా భూభాగాల మీద నేల అరిగే వేగం చాలా తక్కువ. లెక్క కోసం పది లక్షల ఏళ్లకు పది మీటర్లు అనుకుందాం. కోటి ఏళ్లకు వంద మీటర్లు, పది కోట్లకు ఒక కిలోమీటరు. ఇదే వేగం 250 కోట్ల ఏళ్లూ సాగితే 25 కిలోమీటర్ల మందం కొట్టుకుపోయి ఉండాలి. అంత మందం పోయి ఉంటే, అంతకంటే తక్కువ లోతున పుట్టిన ఈ గ్రానైట్ ఇప్పటికి మిగిలేదే కాదు. అంటే అరగడం ఒకే వేగంతో సాగలేదు. యుగాల తరబడి దాదాపు ఆగిపోయింది. కొన్నిచోట్ల నేల తిరిగి కప్పబడింది. ఇవాళ్టి వేగాన్ని వెనక్కి గుడ్డిగా సాగదీయడం కెల్విన్ చేసిన తప్పుకు తోబుట్టువే.

మరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌నుంచి పడమటికి, చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోతుంటే నేల రంగు మారడం గమనించండి. ఎర్రచల్క పోయి నల్లరేగడి వస్తుంది. ఎర్రచల్క గ్రానైట్ అరిగి అయిన నేల, నల్లరేగడి బసాల్ట్ అరిగి అయిన నేల. రైతుకు ఒకటి ఆముదాలు, జొన్నల నేల, ఇంకోటి పత్తి నేల. భూవిజ్ఞానికి అది 240 కోట్ల ఏళ్లకు పైబడిన ఖాళీ. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా పడమటినుంచి పరుచుకుంటూ వచ్చినప్పుడు చాలాచోట్ల అది పాత గ్రానైట్ నేల మీదే ఆగింది. లావా పరుచుకోవాలంటే ఆ గ్రానైట్ అప్పటికే పైకి తేలి, నేలై ఉండాలి.

ఇంకా వెనక్కి పోవచ్చు. మన ఇళ్లలో వేసుకునే తాండూరు బండలు ఒకప్పటి నిస్సార సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. అవి ఉన్న భీమా పొరలు పాత గ్రానైట్, నైస్ (వేడికి, ఒత్తిడికి మారి చారలు తేలిన రాయి) రాళ్ల మీద కూర్చున్నాయి. ఆ పొరల కచ్చితమైన వయసు మీద శాస్త్రవేత్తల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అయినా దక్కన్ లావాకంటే చాలా చాలా ముందువని అందరూ ఒప్పుకుంటారు. అంటే అప్పటికే ఈ ప్రాంతపు గ్రానైట్‌లో కొంత భాగం లోతునుంచి పైకి వచ్చి, అరిగి, మునిగి, మళ్లీ తేలింది. రెండు పొరల మధ్య కనిపించే ఇలాంటి కాలపు ఖాళీని విచ్ఛిత్తి అంటారు. చిరిగిపోయిన పేజీలు ఉన్నచోట పుస్తకం మూసేయకుండా, చిరిగిన అంచును చదవడమే భూవిజ్ఞానం.

మూడో వయసు: గుండుకు గుండ్రదనం ఎలా వచ్చింది?

ఇప్పుడు మేడమ్ ప్రశ్న దగ్గరికి వచ్చాం.

పైనున్న బరువు తగ్గేకొద్దీ గ్రానైట్ కాస్త ఉబ్బి పగుళ్లిస్తుంది. కొన్ని పగుళ్లు నేలకు సమాంతరంగా, ఉల్లిపొరల్లా లేస్తాయి. పరుపుబండ అని మనం పిలిచే వెడల్పాటి తలాలు అలా వచ్చినవే. దక్షిణాది రాతిపనివాళ్లు పరుపుబండ మీద సన్నని మంట పెట్టి పలకను లేపే పద్ధతిలో వాడుకున్నది ఈ గుణాన్నే. మిగతా పగుళ్లు నిలువుగా, అడ్డంగా పోతాయి. అన్నీ కలిసి రాతిని పెద్ద పెద్ద ఇటుకలుగా విడగొడతాయి.

ఆ పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది. నేలలోని కుళ్లిన ఆకుల వల్ల ఆ నీటికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. అది ఫెల్‌స్పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. అభ్రకం ఉబ్బి, తుప్పురంగుకు తిరుగుతుంది. పలుగురాయి గింజలు మాత్రం చెక్కుచెదరవు, పట్టు తప్పి రాలిపోతాయి. ఈ రాలిన దాన్నే మనం మొరం అంటాం. ఇంటి ముందు గుంతలు పూడ్చడానికి లారీల్లో వచ్చే ఎర్రటి మొరం, సగం మట్టిగా మారిన గ్రానైటే.

మరి గుండ్రదనం? ఒక చదరపు రాతి ఇటుకను ఊహించండి. దాని ముఖం మధ్యలో నీరు ఒక్కవైపునుంచే తినగలదు. అంచు మీద రెండువైపులనుంచి తింటుంది. మూల మీద మూడువైపులనుంచి. కాబట్టి మూలలు ముందు పోతాయి, తర్వాత అంచులు. మిగిలేది గుండు. ఎవరూ దొర్లించలేదు, ఏ నదీ నునుపు చేయలేదు, ఏ హిమానీనదమూ మోసుకురాలేదు. గుండు పుట్టింది నేల లోపలే, మొరం మధ్యలో. తర్వాత వానలకు మొరం కొట్టుకుపోతే బయటపడింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. పేర్చలేదు, మధ్యలో ఉన్నది పోయింది.

దీనిలోనూ రెండు అభిప్రాయాలున్నాయి. గుండ్లను మిగిల్చి చుట్టూ రాయి నేల లోపల లోతుగా కుళ్లడం ఒక దశ, పైమట్టి కొట్టుకుపోవడం ఇంకో దశ అని 1955లో బ్రిటిష్ భౌగోళికుడు డేవిడ్ లింటన్ వాదించాడు. భూరూప శాస్త్రవేత్త లెస్టర్ కింగ్ వంటివారు అంత లోతైన కుళ్లు అవసరం లేదని, కొండ వాలులు వెనక్కి తరుగుతూ పోయే క్రమంలోనే ఇవి మిగులుతాయని అన్నారు. ఖాజాగూడలో కొత్తగా తవ్విన గోడల్లో మొరం మధ్య గుండు కడుపులో బిడ్డలా ఇమిడి ఉండటం చూశాక, కనీసం ఇక్కడ లింటన్ మాటకే బలం ఎక్కువని నాకనిపిస్తుంది. పైకి తేలిన గుండు ఎండకు, చలికి పొట్టు రాలుస్తూ మారుతూ ఉండటం కూడా నిజమే. మేడమ్ ఒక పొట్టు మీద వేలి కణుపుతో కొట్టారు. డొల్లగా మోగింది.

దీని వయసెంత? పది లక్షల ఏళ్లకు పది మీటర్లు అన్న లెక్కనే తీసుకుంటే, ఆరు మీటర్ల గుండు పూర్తిగా బయటపడటానికి ఆరు లక్షల ఏళ్లు. ఇది లెక్క చూపడానికే, ఈ గుండుకు ఇచ్చిన ధ్రువపత్రం కాదు. నిజంగా కొలవాలంటే మార్గం ఉంది. అంతరిక్షంనుంచి వచ్చే కిరణాలు పలుగురాయిలో బెరీలియం-10 అనే అణువును పుట్టిస్తాయి. నేల లోతున అవి చేరవు. కాబట్టి ఆ అణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే రాతి ముఖం ఎన్నాళ్లుగా ఆకాశాన్ని చూస్తోందో తెలుస్తుంది. బెరీలియం-10 కూడా సుమారు 14 లక్షల ఏళ్లకు సగమైపోతుంది కనుక దానికీ ఒక హద్దు ఉంది.

ఒకే బండ. రాయిగా 250 కోట్ల ఏళ్లు. నేలగా, ఈ ప్రాంతంలో కోట్లనుంచి పదుల కోట్ల ఏళ్లు, అదీ విడతలు విడతలుగా. గుండుగా, బహుశా లక్షల్లో.

ఎడారిలో ఈ తేడా ఇంకా స్పష్టం

ఎడారిలో నేలను కప్పే మట్టి, చెట్టు తక్కువ. రాయి ఒంటిమీద గుడ్డ లేకుండా కనిపిస్తుంది. అందుకే భూవిజ్ఞాన నడకలకు ఎడారులు అంత పేరు. అక్కడ కూడా ఈ మూడు వయసులు కలిసిపోయి జనాన్ని తికమకపెడతాయి.

రాజస్థాన్‌లో జైసల్మేర్‌కు దగ్గర్లో ఆకల్ అనే చోట సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాళ్లై పడి ఉన్నాయి. ఎడారి నడిబొడ్డున అడవి. అక్కడి రాళ్లు పాతవి, ఎడారి కొత్తది. జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట కింద 75 కోట్ల ఏళ్ల నాటి మలానీ అగ్నిపర్వత శిలల మీద జోధ్‌పూర్ ఇసుకరాయి కూర్చున్న తలం ఉంది. ఆ తలాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. మన వికారాబాద్ దారిలో నేల రంగు చెప్పే కథనే అక్కడ కొండ గోడ చెబుతుంది.

కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ఎడారి ఫొటోలు చూస్తే ఖాజాగూడ అనుకుని పొరబడతారు. అవే గుండ్లు, అదే పేర్పు. అక్కడి గ్రానైట్ వయసు పది కోట్ల ఏళ్లకు కాస్త పైన, అంటే మనదానిలో ఇరవై ఐదో వంతు. అయినా రూపం ఒకటే. ఇప్పటికంటే తడిగా ఉన్న కాలంలో అక్కడా నీరు నేలలోపల గుండ్లను చెక్కింది. తర్వాత వాతావరణం ఎండిపోయి పైమట్టి పోయింది. గుండును చూసి రాయి వయసు చెప్పలేమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గ్రాండ్ కాన్యన్ మీద వాదన ఇంకా తెగలేదు. అడుగున ఉన్న రాళ్లు సుమారు 175 కోట్ల ఏళ్లవి. లోయను నది కోసింది మాత్రం 50, 60 లక్షల ఏళ్ల కిందటినుంచేనని ఎక్కువమంది అంటారు. లోయలో కొన్ని భాగాలు ఏడు కోట్ల ఏళ్ల కిందటే ఉన్నాయని ఇంకొందరు కొలతలు చూపిస్తారు. పాత తునకల్ని కొత్త నది కలిపి ఉండవచ్చని మధ్యేమార్గం చెప్పేవారూ ఉన్నారు. రాళ్ల వయసు మీద మాత్రం ఈ పక్షాల మధ్య తగవు లేదు. తగవంతా రెండో, మూడో వయసుల మీదే.

గ్రానైట్ ఎందుకు పుట్టింది?

మన రాయి ఎప్పుడు పుట్టిందో తెలుసు. అంత పెద్ద మొత్తంలో ఎందుకు పుట్టిందన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరి, కరుగుతూ శిలాద్రవాన్ని పుట్టించిందని ఒకరు. లోతునుంచి వేడి పదార్థం స్తంభంలా పైకి లేచి పైపొరను అడుగునుంచి కరిగించిందని ఇంకొకరు. చిక్కంతా, భూఫలకాలు ఆ కాలంలో ఇప్పటిలాగే కదిలేవా అన్నదానిలో ఉంది. అప్పటి భూమి లోపల ఇప్పటికంటే వేడి ఎక్కువ. ఇవాళ్టి నియమాలు అంత వెనక్కి ఎంతవరకు వర్తిస్తాయో తేలకుండా ఈ వాదన తేలదు.

సంకల్పంలో చెప్పుకునే అంకెలు

నడకలో ఒక పెద్దాయన, "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే అని రోజూ చదువుతాం కదమ్మా. కల్పం అంటే 432 కోట్ల ఏళ్లు. భూమి వయసుకు దగ్గరే కదా?" అన్నారు. మేడమ్ ఆ మాటను తేలిగ్గా తీసేయలేదు. ఇంత పెద్ద కాలాన్ని భయపడకుండా ఊహించిన సంప్రదాయాలు లోకంలో అరుదని ఒప్పుకున్నారు. ఐరోపాలో సృష్టికి ఆరువేల ఏళ్లేనని లెక్కకట్టిన రోజులతో పోలిస్తే ఇది ఎంతో విశాలమైన చూపు. అయితే రెండు అంకెలూ దగ్గరగా ఉండటం ఒకదానికి ఇంకోటి రుజువు కాదని కూడా చెప్పారు. కల్పం యుగాల గుణకారంనుంచి వచ్చిన సంఖ్య, అది బ్రహ్మకు ఒక పగలు. సంప్రదాయం ప్రకారమే చూసినా ఈ కల్పంలో ఇంకా సగం గడవలేదు. 454 కోట్లు రాతిలోని సీసాన్ని కొలిచి తేల్చిన సంఖ్య, రేపు మెరుగైన కొలత వస్తే కొద్దిగా మారడానికి సిద్ధంగా ఉండేది. పెద్దాయన తల ఊపి, గుండు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు.

రాయి దొరుకుతుంది, రూపం దొరకదు

మూడు వయసులనూ విడదీస్తే బండలు కొట్టడం మీద నడిచే వాదన కూడా తేటపడుతుంది. "గ్రానైట్‌కు కొరత ఏముంది? తవ్వినంత మేరా అదే. పెరిగే నగరానికి ఇళ్లు, రోడ్లు, కంకర వద్దా?" అని ఒక పక్షం. రాయి విషయంలో వారి మాట నిజమే. దక్కన్ కింద వందల కిలోమీటర్ల మేర ఇదే జాతి రాయి. "250 కోట్ల ఏళ్ల వారసత్వం పోతోంది" అని ఇంకో పక్షం. అంకె వరకు వారి మాట నిజమే, కానీ పోయేది ఆ 250 కోట్ల రాయి కాదు. దాని ముక్క మీ వంటింటి గట్టు మీద కూడా ఉంటుంది. పోయేది రూపం. లక్షల ఏళ్లు నేలలోపల నీరు చెక్కి, ఇంకొన్ని లక్షల ఏళ్లు వాన బయటపెట్టిన పొందిక. దాని సందుల్లో బతికే చెట్టు, బల్లి, గుడ్లగూబ. దాని వాలు కిందికి ఒంపే నీటితో నిండే కుంట. ఏ క్వారీనుంచీ దాన్ని తిరిగి తెచ్చుకోలేం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండ, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు బండ లాంటివాటిని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా రాతి జాతికి కాదు, రూపానికే. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ జనాన్ని ఈ గుట్టల మీదికి నడిపించేదీ దానికోసమే. అన్ని గుండ్లనూ ఉంచాలా, ఏవి ఉంచాలి, ఎవరి భూమిలో అన్నది నగరం తేల్చుకోవాల్సిన విషయం. నా మనసు ఎటుందో దాచను. గుండును చుట్టి పోయే రోడ్డు నాకు ఇష్టం.

దిగేటప్పుడు మేడమ్ గుండు మొదట్లోంచి గుప్పెడు మొరం తీసి నా చేతిలో పోశారు. బంకమట్టి వేళ్లకు అంటుకుంది, పలుగురాయి గింజలు గరగరలాడాయి. ఇందులో కంటికి కనిపించని జిర్కాన్ రేణువులు కూడా ఉంటాయన్నారు. వానకు ఈ మొరం వాగులో పడి, మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలో చేరుతుంది. ఆనకట్టలు ఆపకపోతే హంసలదీవి దగ్గర సముద్రం అడుగున ఇసుకై పేరుకుంటుంది, ఎప్పటికో ఇసుకరాయి అవుతుంది. ఫెల్‌స్పార్ దారిలోనే మట్టైపోతుంది. జిర్కాన్ మాత్రం అరగదు, లోపలి గడియారం ఆగదు. పడమటి ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో ఇలాగే, తనకంటే ఎంతో చిన్నదైన రాతిలో చిక్కుకున్న జిర్కాన్ రేణువులు దొరికాయి. వాటిలో ఒకదాని వయసు 440 కోట్ల ఏళ్లు. దాన్ని కన్న రాయి ఇప్పుడెక్కడా లేదు.

గుప్పెట్లోని మొరాన్ని తిరిగి గుండు మొదట్లోనే పోసి, చేతులు దులుపుకుని కిందికి దిగాం.